పాఠకుల ప్రశ్నలు: సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ, ఆటోమేటిక్ గేరుబాక్సు

ప్రశ్న: ఇటీవల 2018 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 92 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. గేర్ ఆయిల్ జీవితకాలం మార్చనక్కర్లేదని అమ్మినవారు చెప్పారు. మా మెకానిక్ మాత్రం వెంటనే మెషిన్ ఫ్లష్ (యంత్రం ఒత్తిడితో పాత ఆయిలును నెట్టి కొత్తది నింపడం) చేయించకపోతే బాక్సు పోతుందంటున్నారు. అరవై వేగంలో నిలకడగా వెళ్తుంటే అప్పుడప్పుడు సన్నటి వణుకు తెలుస్తోంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: ఇద్దరి మాటా పూర్తిగా వినకండి. టార్క్ కన్వర్టర్ బండిలో ఇంజను బలాన్ని గేర్లకు అందించేది ఆయిలే. ఇంజను తిప్పే రెక్కలు ఆయిలును విసిరితే, ఆ విసురుకు ఎదుటి రెక్కలు తిరుగుతాయి. లోపలి క్లచ్‌లను ఒత్తిడితో బిగించేదీ, గేర్లు అరగకుండా కాపాడేదీ, పుట్టిన వేడిని కూలర్‌కు చేర్చేదీ అదే ఆయిలు. ఇంత చాకిరీ చేసేది ఎన్నటికీ పాడవదనడం అమ్మకానికి పనికొచ్చే మాటే. సాధారణ వాడకంలో మార్చనక్కర్లేదని రాసిన కొన్ని కంపెనీల మాన్యువళ్ళలోనే కఠినమైన వాడకానికి వేరే పట్టిక ఉంటుంది. దుమ్ము రోడ్లు, కొండదారులు, 32 డిగ్రీలు దాటిన ఎండలో రద్దీ ట్రాఫిక్ వంటివన్నీ అందులోకి వస్తాయి. రామగుండంలో ఉండే మీకు ఏ పట్టిక వర్తిస్తుందో వేరే చెప్పాలా!

మీరు రాసిన వణుకు ఎక్కువగా లాకప్ క్లచ్ వల్ల వస్తుంది. నిలకడ వేగంలో డీజిల్ ఆదా కావడానికి కన్వర్టర్ లోపల ఒక క్లచ్ రెండు వైపులనూ కలిపి బిగిస్తుంది. ఆయిలు పాతబడితే ఆ పట్టు జారుతూ, మళ్ళీ పట్టుకుంటూ వణుకు పుట్టిస్తుంది. వెనుక వాహనాలు లేని చోట, యాక్సిలరేటర్ మీద కాలు అలాగే ఉంచి, బ్రేకును దీపం వెలిగేంత మాత్రమే తాకి చూడండి. సాధారణంగా అప్పుడు లాకప్ విడిపోతుంది కనుక, వణుకు ఠక్కున ఆగితే అనుమానం దాని మీదే. ఆగకపోతే ఇంజనును పట్టి ఉంచే మౌంట్లనూ, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లనూ కూడా చూపించాలి.

ఆయిలు మార్చడానికి నేనైతే ఫ్లష్ కాకుండా, కింద డ్రెయిన్ బోల్టు విప్పి కారినంత కార్చి కొత్తది పోసే పద్ధతినే ఎంచుకుంటాను. ఏళ్ల తరబడి ఆయిలు మార్చని బాక్సులో యంత్రం ఒత్తిడికి అడుగున పేరుకున్న మడ్డి కదిలి, ఆయిలును క్లచ్‌లకు పంచే వాల్వ్ బాడీలోని సన్నటి దారుల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది. డ్రెయిన్ చేస్తే దాదాపు సగమే బయటికి వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లోనూ కూలర్ గొట్టాల్లోనూ ఉండిపోతుంది. అందువల్ల కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్ళీ ఒకటి రెండుసార్లు ఇదే పని చేయించాలి.

షెడ్డులో ఉన్నప్పుడు కారిన ఆయిలును తెల్లటి కాగితం మీద ఒక చుక్క వేయించి చూడండి. చాలా బ్రాండ్ల కొత్త ఆయిలు ఎర్రగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగితే కంగారు లేదు. నల్లబడి మాడు వాసన వస్తుంటే క్లచ్ ప్లేట్లు అరిగాయన్నమాట, అప్పుడు ఆయిలు మార్పు ఒక్కటే సరిపోదు. స్ట్రాబెర్రీ పాలలా ఉంటే ఇంజనును చల్లబరిచే కూలెంట్ కలిసినట్టే, బండిని ఇక నడపకండి. బాక్సు అడుగున ఆయిలు నిలిచే పళ్ళెం (పాన్) విప్పితే, అందులోని అయస్కాంతానికి అంటుకున్న మెత్తటి బూడిదరంగు ముద్ద సహజం. మెరిసే లోహపు ముక్కలు మాత్రం సహజం కాదు.

ఇంకొక మాట. ఈ బాక్సుల్లో చాలావాటికి ఆయిలు లెవెల్ చూసే పుల్ల (డిప్‌స్టిక్) ఉండదు. ఇంజను నడుస్తుండగా, ఆయిలు కంపెనీ చెప్పిన వేడికి వచ్చాక, లెవెల్ బోల్టు విప్పి చూడాలి. "ఎన్ని డిగ్రీల దగ్గర లెవెల్ చూస్తారు?" అని మెకానిక్‌ను ముందే అడగండి. "తీసినంత పోస్తాం" అనేది జవాబయితే, అంతకుముందు ఆయిలు తక్కువగా ఉండి ఉంటే ఆ తక్కువ అలాగే ఉండిపోతుంది.

ప్రశ్న: ఆటోమేటిక్ ఆయిల్ అంటే అన్ని బండ్లకూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కాదమ్మా. 2020లో వచ్చిన హ్యుందాయ్ క్రెటానే చూడండి: ఆ ఒక్క పేరు మీదే డీజిల్‌కు టార్క్ కన్వర్టర్, 1.5 పెట్రోల్‌కు విడి గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీ కోవకు చెందిన ఐవీటీ, 1.4 టర్బో పెట్రోల్‌కు రెండు క్లచ్‌ల డీసీటీ ఇచ్చారు. సీవీటీలో మామూలు ఆటోమేటిక్ ఆయిలు పోస్తే బెల్టు పట్టు తప్పి బాక్సే పోవచ్చు. డబ్బా మీది స్పెసిఫికేషన్‌ను మాన్యువల్‌తో సరిచూశాకే మూత తీయనివ్వండి.

ప్రశ్న: విజయవాడలో ఒక ఆటోమేటిక్ ఎస్‌యూవీ మార్కెట్ ధర కంటే బాగా తక్కువకు వస్తోంది. వరదలో మునిగిందేమోనని అనుమానం. గేరుబాక్సుకు నష్టం ఉంటుందా?
– ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఎన్నో వాహనాలు మునిగాయి, కనుక మీ అనుమానం న్యాయమైనదే. గేరుబాక్సుకు గాలి ఆడే బ్రీదర్ రంధ్రం ఉంటుంది. నీరు అంతెత్తుకు వస్తే అందులోంచి లోపలికి దిగుతుంది. క్లచ్ ప్లేట్లకు పట్టీని అంటించే జిగురు తడికి బలహీనపడి, కొంతకాలం బాగానే నడిచిన బండి తర్వాత ఎప్పుడో జారడం మొదలుపెడుతుంది. టెస్ట్ డ్రైవ్‌లో బాగుందన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

సీటు బెల్టును చివరిదాకా లాగి బురద గీత ఉందేమో, సీట్ల కింది పట్టాలకు తుప్పు పట్టిందేమో చూడండి; బీమా క్లెయిముల వివరాలు అడగండి. ఉదయాన్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్ళి, బ్రేకు తొక్కి డీ, ఆర్ వేసి చూడండి. గేరు పడటానికి రెండు సెకన్లు దాటినా, దారిలో వేగం పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు మాత్రం ఎగిసినా వదిలేయండి. అన్నీ బాగున్నాయనిపించినా, ఆ ఆయిలు కొద్దిగా తీసి చూడనిదే అడ్వాన్సు ఇవ్వవద్దు. బండిని లిఫ్టు ఎక్కించడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే, బేరం అక్కడితో ఆపేయండి.