‘నాకు జారుడంటే ఇష్టం’

ప్రశ్న: మా అబ్బాయి తెలుగు వ్యాసంలో ఐస్ స్కేటింగ్‌ని ‘మంచు జారుడు’ అని, చివర్లో ‘నాకు జారుడంటే చాలా ఇష్టం’ అని రాశాడు. టీచరమ్మ ఎర్ర సిరాతో కొట్టేసి నవ్వారట, కారణం చెప్పలేదు. తప్పేమిటి? స్కేటింగ్‌ని తెలుగులో ఏమనాలి? ఇంగ్లీషులో ఆ మాటకి ఇంకా అర్థాలున్నాయా?

జవాబు: అమ్మా, మీవాడు రాసింది తెలుగు జారుడు, టీచరమ్మ చదివింది సంస్కృత జారుడు. సంస్కృతం జారుడంటే పరాయి ఇల్లాలి మీద కన్నేసినవాడు. కృష్ణుణ్ణి చోరజారశిఖామణి అని ముద్దుగా తిట్టేది ఆ మాటతోనే. మీవాడిది జారుడుబండ మీది జారుడు, లాగూ వెనక చిరుగుపడేదాకా మనమంతా జారినదే.

ఈ నవ్వులపాటుకి అసలు కారణం బండి ఱ. దాన్ని పనికిరాదని అవతల పారేశాం. పాతరోజుల్లో అయితే మీవాడు ‘జాఱుడు’ అని రాసేవాడు, నవ్వడానికి ఎవరికీ సందు దొరికేది కాదు. అరుగు అంటే వెళ్లడం, అఱుగు అంటే జీర్ణం కావడం, ఇప్పుడు రెండూ ఒకే అరుగు. అక్షరం తగ్గిందని సంతోషించినవాళ్లే అర్థం తెలియడం లేదని నాకు ఉత్తరాలు రాస్తుంటారు! (మిమ్మల్ని కాదు లెండి.)

బండి ఱ పెట్టి ఈ మాట వాడిన చోటు ఒకటుంది, చదివిన ప్రతిసారీ ఆగిపోతాను. అంపశయ్య మీదున్న భీష్ముడు, యుద్ధంలో కృష్ణుడు రథం మీంచి దూకి తన మీదికి ఎలా వచ్చాడో తలుచుకుంటున్నాడు. పోతన అంటాడు: ‘చక్రంబుఁ జేపట్టి చనుదెంచు రయమునఁ బైనున్న పచ్చని పటము జాఱ’. పైబట్ట జారుతోంది, ఆయనకి ఆ ధ్యాస లేదు, వెనక అర్జునుడు ఆగమని లాగుతున్నాడు. బట్టని కృష్ణుడు జార్చలేదు, ఆ వేగానికి అదే జారింది. మన జాఱు స్వభావం అదీ, మన ప్రమేయం లేకుండా జరిగిపోయేది. కాలు జారడం, నోరు జారడం, చేజారడం, గుండె జారడం, ఏదీ మనం పూనుకుని చేసేది కాదు. దోసెల పిండి జారుగా ఉందంటే గరిటె వంచీ వంచకముందే పెనం మీద పడిపోతోందని. దీనికి ‘కొను’ తగిలిస్తే మాత్రం కథ మారుతుంది. బిల్లు వచ్చే వేళకి ఫోన్ చెవిన పెట్టుకుని హోటల్ బయటికి నడిచే మిత్రుడు జారడు, జారుకుంటాడు.

తమాషా ఏమిటంటే అమెరికా సైనికుల యాసలో స్కేట్ చేయడమంటే సరిగ్గా ఇదే, పని తప్పించుకు తిరగడం. శిక్ష పడకుండా బయటపడ్డా ఆ మాటే. చీప్‌స్కేట్ అంటే పిసినారి. స్కేట్ అనే చేప వేరే మాట, దాన్ని ఇందులో కలపకండి.

ఆ ఇంగ్లీషు మాటా సొంతం కాదు, వలందులది, అంటే డచ్చివాళ్లది (మచిలీపట్నంలో వలందపాలెం పేరు వాళ్లదే). వాళ్ల మాట చివర ఉన్న ‘స్’ ఏకవచనంలోనే ఉంది. ఇంగ్లీషు చెవి దాన్ని బహువచనమనుకుని కోసేసి స్కేట్ మిగుల్చుకుంది. అంతకుముందు ఫ్రెంచిలో దాని మూలం కర్రకాళ్లు. 1662 డిసెంబరులో లండన్ సెయింట్ జేమ్స్ పార్కులో జనం స్కేట్లు కట్టుకుని జారుతుంటే చూసి, ఎంత చక్కని విద్య అని శామ్యూల్ పీప్స్ అనే ఇంగ్లీషు సర్కారు ఉద్యోగి తన డైరీలో రాసుకున్నాడు. ఆయన విద్య అన్నాడు చూడండి. నేర్చుకుని, కావాలని, పడకుండా జారడం. మన జాఱు అంత బరువు మోస్తుందా అని నాకు అనుమానమే. కానీ జారుడుబండ ఎక్కే పిల్లలూ కావాలనే జారుతున్నారు కదా అని మీరంటే నా దగ్గర గట్టి జవాబు లేదు.

మనకి గడ్డకట్టే చెరువులు లేవు, కాబట్టి మాటా లేదు. స్కేటింగ్ అనే రాయనివ్వండి. తెలుగే కావాలంటే ‘మంచు జారుడాట’ అనొచ్చు, ఆట అనే తోక మాత్రం తెగ్గొట్టకూడదు. ఒప్పుకోనిది ఇంకోటి: ప్రమాదపు అంచున ఉన్న నాయకుణ్ణి, ఇంగ్లీషు నానుడిని ఉన్నదున్నట్టు దించేసి, ‘పలుచని మంచుపై నడుస్తున్నాడు’ అని రాసేవాళ్లు. కత్తిమీద సాము ఉండగా ఐసు అరువు దేనికండీ? మీవాడి మార్కుల సంగతి మీరూ టీచరమ్మా చూసుకోండి, నేను జారుకుంటున్నాను.