చెరువు డబ్బు, చేను డబ్బు విడివిడిగా రాసుకో

చి. మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఇన్‌కమ్ టాక్స్ నోటీసు కాలం చేసిన బావగారి పేరున వచ్చింది కదా అని బీరువాలో పెట్టేశావట, అక్కయ్య చెప్పింది. వెంటనే బయటికి తియ్యి. ఆయన బతికున్న రోజుల ఆదాయానికి రిటర్ను వెయ్యాల్సిందీ, జవాబివ్వాల్సిందీ వారసులే. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పట్టుకుని టాక్స్ సైట్‌లో వారసుడిగా నమోదు చేసుకో. భయపడకు. బాకీ తేలినా ఆయన నుంచి నీకొచ్చిన ఆస్తి మేరకే నీ బాధ్యత.

అసలు చిక్కు రొయ్యల చెరువుల దగ్గర ఉంది. ఉండి, ఆకివీడు ఊళ్ల వైపు చేలన్నీ చెరువులైపోయినా మనవాళ్లు ఇంకా ‘మాది వ్యవసాయం, పన్నేంటి’ అంటారు. సార్వా, దాళ్వా ధాన్యం మీద పన్ను లేని మాట నిజమే. రొయ్యల మీద వచ్చేది మాత్రం వ్యాపార ఆదాయం. చెరువు వేసుకోమని ఇచ్చిన పొలం మీద లీజు కూడా వ్యవసాయ ఆదాయం కిందికి రాదు. అందుకని రెండిటికీ వేరు వేరు బ్యాంకు ఖాతాలు పెట్టుకో. సీడు (రొయ్య పిల్లలు), మేత, డీజిలు, కరెంటు బిల్లులు, రొయ్యలు పట్టిన రోజు కాటా చీటీలు ఏ పంటవి ఆ పంటకి కట్ట కట్టి ఉంచు. అమ్మకం కోటి దాటితే ఆడిట్ ఉంటుంది. రాబడి, ఖర్చు రెండిట్లోనూ నగదు 5 శాతం మించకపోతే ఆ హద్దు 10 కోట్లు.

వైట్ స్పాట్ తెగులు వచ్చి రొయ్యల పంట పోయిన ఏడు ‘ఏం మిగిలిందని రిటర్ను’ అని ఊరుకోవద్దు. ఆ ఏడే తప్పకుండా వెయ్యాలి. గడువులోగా వేస్తేనే ఆ నష్టాన్ని తర్వాత 8 ఏళ్ల వ్యాపార లాభాల్లో తగ్గించుకోవచ్చు. ఇది తెలియక మన రైతులు ఎంత పోగొట్టుకుంటున్నారో చూస్తే నాకు బాధేస్తుంది.

చేబదుళ్ల సంగతి ఇంకోటి. 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోకూడదు. ఇచ్చేవాళ్లకీ పుచ్చుకునేవాళ్లకీ వ్యవసాయ ఆదాయం తప్ప పన్ను పడే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది. చెరువు ఉన్న నీకు అది దొరకదు. తీసుకున్నంతా జరిమానాగా కట్టాల్సి రావచ్చు. ఎంత దగ్గరవాళ్లిచ్చినా బ్యాంకులోనే వేయించుకో.

ఇక ఆస్తి. బావగారు వీలునామా రాయలేదు. ఆయన సొంతంగా కొన్న పొలంలో అక్కయ్యకి, నీకు, చెల్లికి సమానంగా మూడు వాటాలు. తాతగారి నుంచి వచ్చిన దాంట్లోనూ చెల్లికి కొడుకుతో సమానంగా హక్కుంది. కూతుళ్లకి ఆ హక్కిచ్చిన 2005 హిందూ వారసత్వ చట్ట సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కట్నం ఇచ్చాం కదా అనే మాట నీ నోట రానివ్వకు. తను మనస్ఫూర్తిగా వద్దంటే ఆ మాటని రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజుగా రాయించుకోవాలి, నోటిమాట చాలదు. అలాగని నువ్వు అడిగి రాయించుకోవద్దు. ఫిక్సెడ్ డిపాజిట్లకి నామినీవి నువ్వే. నామినీ అంటే డబ్బు తీసుకునేవాడే, దానికి యజమాని కాదు. తీసి ముగ్గురూ పంచుకోండి.

అక్కయ్య చేత వీలునామా రాయించు. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయిస్తే గొడవలు తగ్గుతాయి. సాక్షులు ఇద్దరుండాలి. ఆవిడకన్నా చిన్నవాళ్లు, ఆస్తిలో వాటా లేనివాళ్లు అయితే మంచిది. బతికుండగానే ఆస్తి ఇచ్చేసే సెటిల్‌మెంట్ దస్తావేజు ఇప్పుడే రాసెయ్యమని మాత్రం ఎవరూ ఆవిడని ఒత్తిడి చెయ్యకూడదు. ఆవిడే రాస్తానంటే, తనని చూసుకోవాలన్న షరతు దస్తావేజులో ఉండి తీరాలి. ఆ షరతు ఉంటే, చూసుకోనప్పుడు 2007 వృద్ధుల చట్టం కింద ఆర్డీవో దగ్గర దాన్ని రద్దు చేయించుకునే దారి ఉంటుంది.

వచ్చే వారం భీమవరంలో ఆడిటర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నోటీసు, పాస్ పుస్తకాలు, లీజు కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకెళ్లు. చెల్లిని కూడా తీసుకెళ్లు.

ఇట్లు,
మీ మావయ్య