నేను మాంసం, పాలు మానేసినప్పటి నుంచి ఇంట్లో అందరికీ దూరమవుతున్నాను

ప్రశ్న: నా వయసు 34. మాంసం తినే ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటికే కోడలిగా వచ్చాను. రెండేళ్ల క్రితం ఒక డెయిరీ ఫారంలో అప్పుడే పుట్టిన దూడను తల్లి దగ్గర నుంచి తీసుకుపోవడం చూశాను. ఆ తల్లి అరుపు విన్నాక మాంసం నోటికి పోలేదు. మరో ఏడాదికి గుడ్లు, పాలు కూడా మానేశాను. ఈ సంగతి చెబితే నవ్వుతారని, ఆరోగ్యం కోసం మానేశానని ఇంట్లో చెప్పాను. అప్పటి నుంచి భోజనానికి కూర్చుంటే చాలు, వాదనే. మాంసం వండడం నా వల్ల కాదన్నాను కనుక మా అత్తయ్యగారు మోకాళ్ల నొప్పులతోనే పొయ్యి దగ్గర నిలబడుతున్నారు. "ఇన్నాళ్లూ నా చేతి వంట తిన్నదానివి, ఇప్పుడది పాపమైపోయిందా?" అని ఒకసారి కన్నీళ్లు పెట్టుకున్నారు. మా వారు ఎక్కువ మాట్లాడరు కానీ, "మనిద్దరం కలిసి తినడమే పోయింది" అన్నారు. ఒకరోజు కోపంలో "మీరు తినేది శవం" అనేశాను. పక్కనే ఉన్న మా తొమ్మిదేళ్ల పాప ఆ రోజు నుంచి మాంసం ముట్టడం లేదు. ఆ నింద కూడా నా మీదే పడింది. ఈ మధ్య నాకు పాదాల్లో తిమ్మిర్లు వస్తున్నాయి. "మేం ముందే చెప్పాం కదా" అంటారని ఎవరికీ చెప్పలేదు. నేను తప్పు చేస్తున్నానా?

సమాధానం: మీరు చివర్లో ఒక్క మాటగా చెప్పి వదిలేసిన తిమ్మిర్ల సంగతి ముందుగా మాట్లాడాలి, ఎందుకంటే మిగిలిన సమస్యలు నిదానంగా తేలినా ఫరవాలేదు కానీ ఇది ఆగేది కాదు. గుడ్లు, పాలు కూడా మానేసిన వారికి ఆహారంలో బి12 విటమిన్ దాదాపు దొరకదు. దాన్ని తయారు చేసేవి సూక్ష్మజీవులు. మనకు అది జంతువుల నుంచి వచ్చే ఆహారం ద్వారా అందుతుంది తప్ప కూరగాయల్లోనూ పప్పుల్లోనూ నమ్ముకోదగినంత ఉండదు. పెద్దవారికి రోజుకు సుమారు 2.4 మైక్రోగ్రాములు చాలు. శరీరం, ముఖ్యంగా కాలేయం, దాన్ని కొన్నేళ్లకు సరిపడా దాచుకుంటుంది కనుక మానేసిన వెంటనే ఏమీ తెలియదు. నిల్వ తరిగాక నీరసం, మతిమరుపు, దిగులు, చేతుల్లో పాదాల్లో తిమ్మిర్లు మొదలవుతాయి. లోపం ఎక్కువ కాలం కొనసాగితే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా నయం కాకపోవచ్చు. మరో చిక్కు ఉంది. ఆకుకూరలు, పప్పులు బాగా తినేవారికి ఫోలేట్ అనే మరో బి విటమిన్ పుష్కలంగా అందుతుంది కనుక, బి12 లోపం వల్ల రావాల్సిన రక్తహీనత పైకి కనిపించకుండానే నరాలు దెబ్బతినే అవకాశం ఉంటుంది. అందుచేత "నా రక్తం బాగానే ఉంది" అని సరిపెట్టుకోకండి.

తిమ్మిర్లకు మధుమేహం, థైరాయిడ్ వంటి కారణాలూ ఉంటాయి కాబట్టి ఈ వారంలోనే వైద్యుల దగ్గరకు వెళ్లి, మీరు ఏమేం తినడం మానేశారో స్పష్టంగా చెప్పి, పరీక్ష చేయించుకోండి. సొంతంగా మాత్రలు మొదలుపెట్టి ఆ తర్వాత పరీక్షకు వెళితే ఫలితం అసలు స్థితిని చూపకపోవచ్చు, కనుక ముందు పరీక్ష జరగనివ్వండి. మీలా పాలు కూడా మానేసిన వారు జీవితాంతం బి12ను మాత్రల రూపంలోనో, దాన్ని కలిపి తయారుచేసిన ఆహారం రూపంలోనో తీసుకోవాల్సిందే. ఇది మీ నిర్ణయం ఓడిపోయిందనడానికి గుర్తు కాదు, ఆ నిర్ణయంలో భాగం. "మేం ముందే చెప్పాం" అన్న మాటకు భయపడి ఒంట్లో బాధను దాచుకునే దాకా వచ్చారంటే, ఇంట్లో జరుగుతున్న వాదన మీకు ఎంత హాని చేస్తోందో ఆలోచించండి. ఆ మాట ఎవరైనా అంటే "అవును, ఈ విషయంలో మీరన్నది నిజమే, మందు వాడుతున్నాను" అని ఒప్పుకోండి. అలా ఒప్పుకోవడం వల్ల దూడ గురించి మీకు తెలిసిన నిజం అబద్ధమైపోదు.

ఇప్పుడు ఆ దూడ సంగతికి వస్తాను. మీ ఇంట్లో వాదనలు తెగకపోవడానికి ప్రధాన కారణం మీరు పైకి చెప్పిన కారణం మీది కాకపోవడమేనని నాకు అనిపిస్తోంది. ఆరోగ్యం అనగానే అది లెక్కలకు, పరిశోధనలకు, వైద్యుల మాటలకు సంబంధించిన విషయమైపోతుంది, అక్కడ ఎవరైనా మీతో వాదించవచ్చు, పైగా కొన్నిచోట్ల వారి మాటే నెగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో సాసేజ్, బేకన్ వంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలోనూ, ఎర్ర మాంసాన్ని బహుశా కారకం కావచ్చునన్న జాబితాలోనూ చేర్చిన మాట వాస్తవమే. కానీ ఆ వర్గీకరణ చేపలకో, ప్రాసెస్ చేయని కోడిమాంసానికో, పాలకో వర్తించదు. మాంసం మితంగా తింటూ ఆరోగ్యంగా జీవించేవారూ ఉన్నారు, మాంసం మానేసి నూనె వేపుళ్లు, తీపి పానీయాలతో ఒళ్లు పాడుచేసుకునేవారూ ఉన్నారు. ఇదంతా మీ వారికీ తెలుసు, మీకూ తెలుసు. అందుకే మీరు ఎంత చెప్పినా వారికి నమ్మకం కుదరదు, మీకేమో లోపల ఏదో దాచిన బెరుకు పోదు. పైగా రేపు పరీక్షలో లోపం బయటపడితే, ఆరోగ్యం కోసమే మానేశానన్న మాట మీకే ఎదురు తిరుగుతుంది.

అసలు కారణం అలాంటిది కాదు. "ఆ తల్లి అరుపు విన్నాక నాకు తినాలనిపించడం లేదు" అన్న మాటకు ఎదురు వాదన లేదు, ఎందుకంటే మీరు ఎవరినీ ఏదీ ఒప్పించబోవడం లేదు, మీకు జరిగింది చెబుతున్నారు. నవ్వుతారేమోనని భయపడ్డారు. నవ్వవచ్చు కూడా. కానీ అందులో నవ్వాల్సింది ఏమీ లేదని మీకు మీరు ధైర్యం చెప్పుకోవడానికి కొన్ని సంగతులు తెలిసి ఉండడం మంచిది. ఆవు ఈనితేనే పాలిస్తుంది, కనుక పాల ఉత్పత్తి సాగాలంటే దూడలు పుడుతూనే ఉండాలి. చాలా డెయిరీల్లో దూడను పుట్టిన కొద్ది గంటల్లోనో రోజుల్లోనో తల్లి నుంచి వేరు చేస్తారు, మగ దూడ వల్ల డెయిరీకి ఉపయోగం ఉండదు. గుడ్ల కోసం పెంచే కోడి జాతుల్లో మగ పిల్లలను గుడ్డులోంచి బయటికి రాగానే చంపేయడం పరిశ్రమలో విస్తృతంగా ఉన్న పద్ధతి. జర్మనీ దాన్ని 2022 నుంచి చట్టంతో నిషేధించింది. అంటే మీ మనసును కలచివేసినది చట్టసభల దాకా వెళ్లిన విషయం. శాకాహారుల్లోనే పాలు, గుడ్ల గురించి ఈ ప్రశ్న ఎప్పటి నుంచో ఉంది. 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, మరికొందరు శాకాహారుల నుంచి విడిగా, జంతువుల నుంచి వచ్చేదేదీ తిననివారి కోసం వీగన్ సొసైటీని ఏర్పాటు చేసుకున్నది దీనికోసమే. ఈ వివరాలు మీ ధైర్యానికి మాత్రమే, భోజనాల దగ్గర వడ్డించడానికి కాదు.

అందరూ కూర్చున్నప్పుడు కాకుండా, ముందు మీ వారితో, ఆ తర్వాత అత్తయ్యగారితో విడివిడిగా మాట్లాడండి. కంచాల ముందు ఈ ప్రస్తావన తేకండి. దూడను తీసుకుపోయేటప్పుడు మీరు ఎక్కడ నిలబడి ఉన్నారో, ఏం చూశారో, ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పండి. ఇన్నాళ్లూ ఆరోగ్యం అని ఎందుకు చెప్పారో కూడా దాచకండి. "అందుకని మీరూ మానేయాలి" అన్న మాట మీ నోటివెంట గానీ ముఖంలో గానీ కనిపించకూడదు. ఒక్కసారి నిండుగా చెప్పాక, మళ్లీ ఎవరైనా భోజనాల దగ్గర కదిపితే "నా కారణం మీకు తెలుసు కదా" అని ఊరుకునే హక్కు మీకు వస్తుంది. మీ తిండి విషయంలో మీ నిర్ణయానికి ఎవరి అంగీకారమూ అక్కర్లేదు, కానీ మీ మనసులో ఏముందో తెలుసుకునే అర్హత మీతో జీవిస్తున్నవారికి ఉంది. ఈ రెండింటినీ కలిపేసుకున్నందువల్లే మీ ఇంట్లో ఇంత గందరగోళం జరిగిందని నా అభిప్రాయం.

మీరు తప్పు చేస్తున్నారా అని అడిగారు. మానేయడం తప్పు కాదు. "శవం" అన్న మాట మాత్రం తప్పే, దానికి క్షమాపణ చెప్పుకోవాలి. మీ అత్తయ్యగారు ఏళ్ల తరబడి కుటుంబాన్ని సాకిన పద్ధతి వంట. ఎవరికి కారం తక్కువ కావాలో, ఎవరికి ఏ ముక్క ఇష్టమో గుర్తుపెట్టుకుని వడ్డించిన మనిషికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. ఆవిడ అడిగిన "పాపమైపోయిందా" అన్న ప్రశ్నకు ఇంతవరకూ మీరు జవాబు చెప్పినట్టు లేదు. మీ పెళ్లైన కొత్తలో ఆవిడ చేతి వంట మీకెంత ఇష్టమో చెప్పండి, అది ఈరోజుకీ నిజమేనని చెప్పండి. మీరు తినగలిగే వంటలు ఆవిడకు తెలిసినవాటిలోనే ఎన్నో ఉంటాయి. వారంలో ఒకటి రెండు పూటలు వాటిని ఆవిడ చేతనే నేర్చుకోండి, ఆవిడ దగ్గర కూర్చుని, ఆవిడ చెప్పిన పాళ్లలో. మాట్లాడి ఒప్పించలేనిది కూడా అలా పక్కన కూర్చుని పని చేస్తుంటే కుదుటపడడం నేను చాలా కుటుంబాల్లో చూశాను.

ఇక వంట ఎవరు చేయాలన్నది. మాంసం వండలేననడం మీ మనసుకు సంబంధించిన విషయం, అది మన్నించదగిందే. కానీ ఆ భారం మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ మీద పడడం న్యాయం కాదు. మీ ఉత్తరంలో ఎక్కడా మీ వారు వండుతారన్న మాట లేదు. మాంసం కావాలనుకునే వయసొచ్చిన మగమనిషి దాన్ని వండుకోవడం నేర్చుకోవచ్చు. ఆయన వండే రోజున కూరగాయలు తరగడం, గిన్నెలు కడగడం, మిగిలిన వంట మీరు చూసుకోండి. అత్తయ్యగారికి ఆ రోజు విశ్రాంతి. పాత్రలు వేరుగా ఉంటే మీకు తేలికనిపిస్తే వేరుగా పెట్టుకోండి, అది ఎవరినీ అంటరానివారిగా చూస్తున్నట్టు అనిపించకుండా ముందే చెప్పి చేయండి.

మీ వారు అన్న "కలిసి తినడమే పోయింది" అన్న మాటను నిష్ఠూరంగా తీసుకోకండి. అది మీ నిర్ణయం మీద విమర్శ కాదు, ఆయన పోగొట్టుకున్నదాని గురించిన బాధ. పెళ్లైన నాటి నుంచి ఒకే కూర పంచుకున్న మనిషి హఠాత్తుగా పక్కనే వేరే గిన్నె పెట్టుకుంటే, ఆ గిన్నెలో ఏముందన్నది అతనికి ముఖ్యం కాదు, వేరుగా ఉండడమే కనిపిస్తుంది. రోజుకు ఒక పూటైనా ఇద్దరూ అదే వంట తినేలా చూసుకోండి. ఆయనకు నచ్చే శాకాహార వంటలు ఏవో ఆయన్నే అడగండి. బయటకు వెళ్లినప్పుడు మీకు తినడానికేమీ లేని చోటికి మొహమాటంతో వెళ్లి అర్ధాకలితో తిరిగి రాకండి, అలా వచ్చిన చిరాకు చివరికి ఆయన మీదే తీరుతుంది.

పాప విషయం అన్నింటికంటే సున్నితమైనది. ఆమె మాంసం మానేసింది మీలా ఒక దృశ్యం చూసి కాదు, తల్లి నోట ఒక భయంకరమైన మాట విని. అది నిర్ణయమో భయమో ముందు తెలుసుకోవాలి. నిదానంగా అడగండి, ఆమె చెప్పింది పూర్తిగా వినండి. నాన్న, నానమ్మ చెడ్డవారేమోనన్న అనుమానం ఆమె మనసులో ఉంటే అది మీరే తీసేయాలి: "అమ్మ కోపంలో అలా అంది, అనకుండా ఉండాల్సింది, వాళ్లు నిన్ను ఎంతో ప్రేమగా పెంచుతున్నారు" అని, వీలైతే వాళ్ల ఎదుటే. జంతువులు ఎక్కడి నుంచి వస్తాయి, మాంసం ఎలా వస్తుంది అని అడిగితే అబద్ధం చెప్పకండి, అడిగినంత మేరకే చెప్పండి. పిల్లల్లో కొందరు ఈ వయసులోనే సొంతంగా మాంసం వద్దనుకుంటారు, దాన్ని చాదస్తమని కొట్టిపారేయకూడదు, బలవంతంగా తినిపించకూడదు. అయితే ఆమె ఒక్కొక్కటిగా తిండి తగ్గించుకుంటూ పోతున్నా, బరువు తగ్గుతున్నా, భోజనమంటేనే దిగులు పడుతున్నా అది ఆహార నియమం కింద వదిలేయకుండా వెంటనే వైద్యులకు చూపించండి.

మీలాగా పాలు, గుడ్లు కూడా మాన్పించాలన్న ఆలోచన ఉంటే ప్రస్తుతానికి పక్కన పెట్టండి. పాలు, గుడ్లతో కూడిన శాకాహారంలో ఎదిగే పిల్లల అవసరాలు తీర్చడం అంత కష్టం కాదు. అవి కూడా లేకపోతే బి12తో పాటు కాల్షియం, విటమిన్ డి, అయోడిన్, ఇనుము, ఒమేగా-3 కొవ్వులు అన్నింటినీ లెక్కచూసుకుని ఇవ్వాలి, పిల్లల వైద్యులో పోషకాహార నిపుణులో దగ్గరుండి చూడాలి. మాంసం మానినందువల్ల ఇనుము తగ్గకుండా పప్పులు, గింజలు, ఆకుకూరలతో పాటు అదే భోజనంలో నిమ్మ, జామ, టమాటా వంటి విటమిన్ సి ఉన్నవి ఏవైనా పెట్టండి, అప్పుడు ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం వెంటనే టీ, కాఫీలు తాగితే అది తగ్గుతుంది, ఇది మీకూ వర్తిస్తుంది. వైద్యుల దగ్గరకు వెళ్లేటప్పుడు మీ వారిని కూడా వెంటబెట్టుకు వెళ్లండి. పాపకు ఏం పెట్టాలన్నది మీ ఇద్దరి నిర్ణయం కావాలి, మీ ఒక్కరిదీ కాదు, నానమ్మదీ కాదు. కొంతకాలానికి పాప మళ్లీ మాంసం తింటానంటే, మీ ముఖం చిన్నబోయినా సరే, తిననివ్వండి. ఆమె మానేయాలనుకున్నా తినాలనుకున్నా, అమ్మ సంతోషం కోసం కాకుండా తనకోసమే అనుకునే వీలు ఆమెకు ఉండాలి.