మీటర్‌లో 62 వేలు, సర్వీస్ రికార్డులో 1.18 లక్షలు: కారు డీలర్‌ను ఎలా నిలదీయాలి?

ప్రశ్న: మాది తాడిపత్రి. కర్నూలులో ఒక డీలర్ దగ్గర 4.60 లక్షలకు సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొన్నాం. 3.50 లక్షలు లోను, 60 వేలు యూపీఐ, 50 వేలు నగదు. మూడు వారాలకే కడప దారిలో ఇంజిన్ వేడెక్కి ఆగిపోయింది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయింది, 78 వేలవుతుంది అంటున్నాడు మెకానిక్. మీటర్ 62 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కనుక్కుంటే రెండేళ్ల కిందటే 1.18 లక్షలు దాటిందట. డీలరేమో ‘బండి చూసుకునే కొన్నారు కదా’ అంటున్నాడు. ఈఎంఐ ఆపేయమంటారా?

జవాబు: ఆపొద్దు. అప్పు మీకూ ఫైనాన్స్ కంపెనీకీ మధ్య వ్యవహారం. ఇంజిన్ పాడైందని చెప్పినా వాళ్లు వినరు. 14 శాతం వడ్డీకి నాలుగేళ్ల గడువైతే నెలకు సుమారు 9,560 రూపాయలు. రెండు నెలలు తప్పితే పెనాల్టీ పడుతుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, బండిని ఎత్తుకెళ్లే దాకా రావచ్చు. డీలర్‌కు మాత్రం ఏ నష్టమూ ఉండదు.

ఇంగ్లండ్‌లోలా ముప్పై రోజుల్లో పాత కారు వెనక్కిచ్చేసే హక్కు మన చట్టంలో లేదు. ‘చూసుకునే కొన్నారు’ అన్న మాటకు బలం 1930 నాటి వస్తు విక్రయ చట్టం నుంచి వస్తుంది: పరీక్షించి కొన్నప్పుడు, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాలకు అమ్మినవాడి బాధ్యత ఉండదు. అరిగిన టైరు, గీతలు పడ్డ డోరు గురించి ఇప్పుడు అడిగితే లాభం లేదు. హెడ్ గ్యాస్కెట్ సంగతి వేరు. ఊళ్లో పది నిమిషాల ట్రయల్‌లో అది తెలియకపోవచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కి లోడు మీద పడ్డప్పుడే బయటపడుతుంది. కానీ మూడు వారాల్లో మీరే కూలెంట్ చూసుకోకుండా నడిపారని డీలర్ వాదిస్తాడు. అందుకే గ్యాస్కెట్ కంటే మీటరే మీకు గట్టి ఆధారం. తక్కువ తిరిగిందని నమ్మించి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది.

కాబట్టి ఇంజిన్ ఇప్పుడే విప్పించకండి. చాలామంది కేసు ఇక్కడే నీరుగారిపోతుంది: మెకానిక్ హెడ్ దించేస్తాడు, పాత గ్యాస్కెట్ చెత్తలోకి పోతుంది, చూపించడానికి ఏమీ మిగలదు. ముందు బండిని నడపకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌కు లాగించి, కూలింగ్ ప్రెషర్ టెస్టు, కంప్రెషన్ టెస్టు చేయించి, రిపోర్టు సంతకంతో తీసుకోండి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఫోటో తీయండి. ఛాసిస్ నంబరు మీద జాబ్ కార్డుల (ప్రతి సర్వీసుకూ రాసే పత్రాల) ప్రింట్లు అడగండి. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లో వాటిలో ఉంటుంది. డీలర్ పెట్టిన ప్రకటన, వాట్సాప్ చాటింగ్ ఇవాళే స్క్రీన్‌షాట్లు తీసుకోండి, రేపటికి ఉండకపోవచ్చు. నగదుకు రసీదు లేదు కదా, ‘ఫలానా రోజు ఇచ్చిన 50 వేలు’ అంటూ మామూలుగా మెసేజ్ పెట్టండి. కాదనకుండా జవాబిస్తే అదే పనికొస్తుంది.

తర్వాత డీలర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పదిహేను రోజుల గడువిచ్చి, బండి తీసుకుని డబ్బు వాపసు ఇవ్వాలని, లేదంటే రిపేరు ఖర్చుతోపాటు మీటరు తేడా వల్ల తగ్గిన విలువ చెల్లించాలని రెండూ రాయండి. వాపసు ఒక్కటే పట్టుకుని కూర్చుంటే, మీరు బండి నడుపుతున్న కొద్దీ ఆ వాదన పలచబడుతుంది. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించండి. కొందరు డీలర్లు అక్కడికే దిగొస్తారు.

దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కర్నూలు వెళ్లక్కర్లేదు, మీరుండే చోటును బట్టి అనంతపురంలోనే వేయవచ్చు. బిల్లు వెనక ‘కర్నూలు కోర్టుల పరిధి’ అని ఉన్నా వెనక్కి తగ్గకండి. ఫీజు లెక్క మీరు అడిగే పరిహారం మీద కాదు, చెల్లించిన ధర మీద. అది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా కూడా వేయవచ్చు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. డీలర్ ‘నేను మధ్యవర్తిని మాత్రమే’ అంటే బిల్లు ఎవరి పేరున ఉందో చూడండి. కమీషన్ తీసుకున్నా అది సేవే, సేవాలోపం కింద అడగవచ్చు. చీటింగ్ కేసు పెట్టమని సలహాలిచ్చేవాళ్లుంటారు. పోలీసు కేసుతో మీ డబ్బు తిరిగి వస్తుందని లెక్కేసుకోకండి.

వస్తువును ల్యాబులో పరీక్షించాల్సిన కేసు 5 నెలల్లో తేలాలని చట్టం అంటుంది. వాస్తవంలో ఎక్కువే పట్టవచ్చు. అందుకని ఆ 78 వేలు రాదనుకునే ఏర్పాటు చేసుకోండి. ఇన్సూరెన్స్ మీద ఆశ వద్దు, మామూలు పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్ కవర్ కాదు. ప్రమాదమని చూపించి క్లెయిమ్ చేద్దామంటే అది మీ మీదే కేసవుతుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోను తీసుకోండి, క్రెడిట్ కార్డులో మినిమమ్ కడుతూ పోకండి. టెస్టు రిపోర్టు చేతికొచ్చి, నోటీసు గడువు దాటాకే రిపేరుకు ఇవ్వండి. పాత గ్యాస్కెట్, మార్చిన విడిభాగాలు సంచిలో కట్టి ఇంట్లో పెట్టుకోండి. కమిషన్ ల్యాబుకు పంపమంటే అవే కావాలి.