ఆ గడిలో ఏం రాయాలి?

తమ్ముడూ, సెలవు మీద మూడు వారాలు హైదరాబాద్ వచ్చాను. నీ ప్రశ్న కొత్తపేటలో మా ఇంటి బాల్కనీలో కూర్చుని చదివాను. డాలస్‌లో యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్ వాళ్లు ఫారం ఇచ్చారు, "థెరపీ నుంచి మీకేం కావాలి" అన్న గడి దగ్గర రెండు రోజులుగా ఆగిపోయావు, అంతేగా? నువ్వు కనీసం ఆగావు. నేను "ఫైన్‌గా ఉండాలి" అని రాసి సంతకం పెట్టేశాను. ఆ రెండు మాటలకు నాకు పడింది 420 డాలర్లు.

2014 సంగతి. నిద్ర పట్టేది కాదు. ఆఫీసులో ఎవరైనా చిన్న మాటన్నా గొంతు పూడుకుపోయేది. "ఎర్రగడ్డకు పంపాలిరా నిన్ను" అని నవ్వేవాళ్ల మధ్య పెరిగినవాణ్ని కదా, రూమ్మేట్లకు జిమ్‌కని చెప్పి థెరపిస్టు దగ్గరికి వెళ్లేవాణ్ని. భుజాన బ్యాగు, అందులో తువ్వాలు కూడానూ. ఆమె "మీకేం కావాలి?" అనగానే, "మీరే చెప్పాలి, డాక్టరు మీరు కదా" అన్నాను. మందులు రాసేది సైకియాట్రిస్టని, ఈమె మాట్లాడించే మనిషని అప్పటికి నాకు తెలీదు.

మొదటి సెషన్‌లో సగం చిట్టీ అంటే ఏమిటో చెప్పడానికే పోయింది. నాన్న చిట్టీ పాడి చెల్లి పెళ్లి చేశారు, నెలనెలా కట్టాల్సింది నేను. "ఇరవై మంది పైసలు వేసి, వాళ్లలో వాళ్లే వేలం పాడుకుంటారా?" అని ఆమెకు ఒకటే ఆశ్చర్యం. రెండోసారి నాన్న మీద లొల్లి. మూడోసారి మేనేజరు మీద. బయటికొచ్చేటప్పుడు తేలిగ్గానే ఉండేది, కారు పార్క్ చేసి మెట్లెక్కేసరికి మళ్లీ మామూలే.

ఈలోగా ఇన్సూరెన్సు కాగితం వచ్చింది. పైన "ఇది బిల్లు కాదు" అని ఉంది. సంతోషంగా చెత్తబుట్టలో వేశాను. నెల తిరక్కుండా అసలు బిల్లు వచ్చింది. డిడక్టిబుల్ అని, ఇన్సూరెన్సు వాళ్లు ఇవ్వడం మొదలెట్టే ముందు మనం ఏటా కట్టాల్సిన మొత్తం ఒకటుంటుంది, అది నిండేదాకా అంతా మన జేబులోంచేనట. సెషన్‌కు 140 డాలర్లు, అప్పటి రేటుకు 8,400 రూపాయల పైమాటే. 50 నిమిషాలకు భాగిస్తే నిమిషానికి 168. అంటే చిట్టీ మీద నా ఉపన్యాసమే నాలుగు వేలు. ఆ రాత్రీ నిద్ర పట్టలేదు, కాకపోతే కారణం వేరు.

నాకేం కావాలో ఆ బిల్లు కవరు వెనకే రాసుకుని నాలుగోసారి వెళ్లాను. నాన్న పైసలు అడగడం మానాలి, మేనేజరు మారాలి. ఆమె చదివి, "వాళ్లిద్దరూ ఇక్కడికి రావట్లేదు కదా" అంది. రాసిన రెండూ కొట్టేశాను. "సరే, ఇదంతా తీరిపోయిందనుకోండి. వచ్చే ఆదివారం మీ రోజు ఎలా ఉంటుంది?" అంది. ఆదివారం అనగానే కడుపులో తిప్పింది. పొద్దున తొమ్మిదికి, ఇక్కడ రాత్రి ఏడున్నర, నాన్న ఫోను. "పైసలకేం ఇబ్బంది లేదు నాన్నా" అనేసి, క్రెడిట్ కార్డు మీద తీసి పంపేవాణ్ని. కవరు మీద మిగిలిన చోట ఇలా రాశాను: "ఈ నెల ఇంతే పంపగలను అని నాన్నకు చెప్పగలగాలి." దాన్ని పట్టుకుని ఏడు సెషన్లు పనిచేశాం. ఆమె నాన్నలా గొంతు పెంచి "వై నాట్?" అనేది, నేను జవాబు చెప్పాలి. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి ఏడుపొచ్చింది.

నువ్వేమో "మైండ్ బాగుండట్లేదు అన్నా" అని రాశావు. దానితో మీ కౌన్సెలర్ ఏం చేసుకుంటుంది? వండుకోవడం మానేశావా, క్లాసులకు పోవట్లేదా, అమ్మ ఫోను కట్ చేస్తున్నావా? వాటిలో ఒకటి పట్టుకో. అదీ తేలకపోతే, ఏం కావాలో తేల్చుకోవడానికే వస్తున్నానని రాయి, తప్పేం లేదు. తర్వాత మార్చుకోవచ్చు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే మాత్రం ఫారం పక్కన పడేసి వెంటనే అమెరికా హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యి. ఇక్కడ ఇంట్లోవాళ్లకు అలాంటిదేమైనా ఉంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416.

పైసల విషయం. యూనివర్సిటీలో చాలావరకు ఫ్రీనే, కానీ ఇన్ని సెషన్లని లెక్క పెట్టేచోట్లూ ఉన్నాయి. ముందే అడుగు. రేపు ఉద్యోగం వచ్చాక ఈఏపీ, అంటే ఉద్యోగులకు కంపెనీ తరఫున కౌన్సెలింగ్ సాయం, ఉందేమో హెచ్ఆర్‌ను అడుగు, కొన్ని సెషన్లు కంపెనీయే ఇస్తుంది. బయట చూపించుకుంటే ఇన్-నెట్‌వర్కా (మీ ఇన్సూరెన్సుతో ఒప్పందం ఉన్నవాళ్లేనా), కోపే (ప్రతిసారీ నువ్వు కట్టే వాటా) ఎంత, డిడక్టిబుల్ ఎంత మిగిలింది, ఈ మూడూ కనుక్కోకుండా కుర్చీలో కూర్చోకు. హైదరాబాద్ కౌన్సెలర్‌తో వీడియోలో చవగ్గా అయిపోదా అన్నావు. నువ్వుండే స్టేట్‌లో లైసెన్సు ఉండాలంటారు, రూల్స్ వెబ్‌సైట్లో ఉంటాయి చూసుకో. మీ తరానికి ఫోన్లో దొరకనిదేముంది.

ఇందాక చాయ్ తాగుతూ నాన్నకు ఇదంతా చెప్పాను, పదేళ్ల తర్వాత. ఫోన్ల సంగతికి ఏమీ అనలేదు. కాసేపాగి, "ఒక్కోసారికి ఎంత తీసుకునేదిరా ఆమె?" అన్నారు. చెప్పాను. పెదాలు కదుపుతూ 60తో హెచ్చించుకుని, "బేరమాడలేదా?" అన్నారు.