గచ్చు వేశాక కూడా చెదలను ఆపవచ్చు

పునాది మట్టికి మందు పట్టించకుండానే గచ్చు వేసేశామని, ఇక దారి లేదా అని అడిగారు. ఉందండీ. గోడ, గచ్చు కలిసే అంచు వెంట సుమారు అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు నింపి సిమెంటుతో మూసేస్తారు. నీటి గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో పనివారికి ముందే చూపించండి. గోడ చుట్టూ బయటి మట్టికీ మందు పట్టించాలి. తరువాత మొక్కల కోసం అక్కడ తవ్వారో, అడ్డుకట్ట తెగినట్టే.

అందరూ తలుపుల వైపే చూస్తారు గానీ, నా అనుమానం ఎప్పుడూ స్నానాలగది గొట్టాల మీదే. గొట్టం చుట్టూ మిల్లీమీటరు సందు చాలు, చెద దూరిపోతుంది.

గోడ అడుగున పెన్సిలంత మందాన మట్టి గీత కనిపిస్తే వెంటనే గీకేయకండి. అది చెదలు కట్టుకున్న దారి; అవి ఎటునుంచి వస్తున్నాయో అదే చెబుతుంది.