పదకొండు మంది, ఆరు క్రోకెట్లు

సందేహం: "సెప్టెంబర్‌లో చదువుకోడానికి మాడ్రిడ్ వెళ్తున్నాం అన్నా. అక్కడి తిండి ముందే రుచి చూద్దామని మా బ్యాచ్ పదకొండు మందిమి జూబ్లీహిల్స్‌లో ఒక స్పానిష్ టపాస్ రెస్టారెంట్‌కి వెళ్లాం. ప్లేటుకి ఆరు క్రోకెట్లు (నూనెలో వేయించిన చిన్న ఉండలు). బల్ల చివర కూర్చున్నవాళ్లకి ఖాళీ గిన్నెలే అందాయి. బిల్లు సమానంగా పంచితే, ఆలుగడ్డ తప్ప ఏమీ తినని ఇద్దరు అలిగారు. వచ్చేదారిలో మెహదీపట్నంలో ఆగి బిర్యానీ తిన్నాం. అక్కడా ఇంతేనా?"

పదకొండు మంది ఒకే బల్ల దగ్గర చేరితే అక్కడా ఇంచుమించు ఇంతే తమ్ముడూ. మీరు చెప్పిన దాంట్లో సగం తప్పు వంటగదిది కాదు, కూర్చున్న తీరుది.

టపాస్‌ని మన బార్లో మందుతో పాటు పెట్టే స్టఫ్ అనుకోండి. గుగ్గిళ్లతో కడుపు నింపుకుందామని బార్‌కి ఎవరూ పోరు కదా. స్పెయిన్‌లోని గ్రనాడా ఊళ్లో ఇప్పటికీ డ్రింకు చెప్తే ఒక చిన్న ప్లేటు ఊరికే వస్తుంది, రెండోసారి చెప్తే ఇంకో రకం. మాడ్రిడ్‌లో నాలుగు ఆలివ్ కాయలో, చిప్సో పెడతారు, మిగతావి కొనుక్కోవాలి. లా లాతినా పేటలో కావా బాహా వీధికి వెళ్లి చూడండి: ముగ్గురో నలుగురో కౌంటర్ దగ్గర నిలబడతారు, ఒక ప్లేటు తింటారు, పక్క బార్‌కి నడుస్తారు. పొడవాటి బల్ల, అందరికీ కలిపి ఒకే ఆర్డరు అనే పద్ధతి దీనికి సరిపడదు. తప్పక కూర్చోవాల్సి వస్తే నలుగురేసి జట్లుగా విడిపోయి, ఏ జట్టుకి ఆ జట్టు విడిగా చెప్పుకోండి. మెనూలో ఒకే వంటకానికి రెండు మూడు ధరలు కనిపిస్తాయి. తాపా అన్నది అన్నిటికన్నా చిన్నది, మేదియా రాసియోన్ సగం ప్లేటు, రాసియోన్ పూర్తి ప్లేటు. నలుగురికి రాసియోన్లే చెప్పండి. అదీ ఒకేసారి పది కాదు, ముందు మూడు చెప్పి, ఆకలి చూసుకుని మిగతావి.

ఆలుగడ్డ తిన్న ఆ ఇద్దరి సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యం. స్పెయిన్‌లో మాంసం లేకుండా పెట్టమంటే హమోన్, అంటే ఎండబెట్టిన పంది తొడ, వేసి తెచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల లెక్కలో అది మాంసం కిందకి రాదేమో అనిపిస్తుంది! క్రోకెట్ల లోపల ఎక్కువగా ఉండేది అదే. మీ బ్యాచ్‌లో ముస్లిం స్నేహితులుంటే వాళ్లూ ఇది గుర్తుపెట్టుకోవాలి. ఎన్సలాదా మిక్స్‌తా అనే సలాడ్‌లో ట్యూనా చేప ఉంటుంది. పప్పే కదా అని లెంతేహాస్ చెప్తే అందులో చోరీసో, అంటే పంది మాంసం సాసేజ్, ముక్కలు తేలతాయి. తోర్తియా అంటే అక్కడ ఆలుగడ్డ ఆమ్లెట్, అందులో గుడ్డు. అందుకే 'వెజ్' అని ఊరుకోకుండా ఒక్కోటీ పేరు పెట్టి చెప్పండి: సిన్ కార్నె (మాంసం లేకుండా), సిన్ హమోన్, సిన్ పెస్కాదో (చేప లేకుండా), సిన్ అతూన్ (ట్యూనా లేకుండా). మామూలుగా మాంసం ఉండనివీ ఉన్నాయి. పతాతాస్ బ్రావాస్ (కారం సాస్ వేసిన ఆలుగడ్డ వేపుడు), టమాటా రుద్దిన రొట్టె, వేయించిన పద్రోన్ మిరపకాయలు (పదింటిలో ఒకటి కారంగా ఉంటుందని వాళ్లు భయపెడతారు, మనకి అదీ చాలదు). నా మటుకు సెవియ్యా (సెవిల్) ఊళ్లో చేసే పాలకూర శనగలే మన నోటికి దగ్గర, అందులో జీలకర్ర వేస్తారు.

ఇక డబ్బు. స్నేహితులు కలిసి తింటే సమానంగా పంచుకోవడమే అక్కడి అలవాటు. ఎవరు ఏం తిన్నారో విడగొట్టి బిల్లు ఇమ్మంటే చాలా చోట్ల మొహం మాడ్చుకుంటారు. కాబట్టి సాంగ్రియా (పండ్ల ముక్కలు వేసిన వైన్) తాగనివాళ్లు, రొయ్యలు ముట్టనివాళ్లు ఆ మాట కూర్చోకముందే తేల్చేయాలి, మొహమాటం వద్దు. అడగకుండా బల్ల మీద పెట్టిన రొట్టెకి కూడా మనిషికింత అని బిల్లులో పడొచ్చు. పన్ను 10 శాతం, అది మెనూ ధరలోనే కలిసి ఉంటుంది. టిప్ తప్పనిసరి కాదు. అమెరికా వెళ్తున్న మీ దోస్తులకి మాత్రం చెప్పండి, ఆరుగురు దాటితే 18 నుంచి 20 శాతం టిప్ వాళ్లే కలిపేసే రెస్టారెంట్లు అక్కడ మామూలు. అన్నట్టు జూబ్లీహిల్స్ బిల్లులో సర్వీస్ చార్జి ఉందేమో చూసుకున్నారా? మనల్ని అడగకుండా దాన్ని కలపకూడదని సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ 2022 జూలైలోనే మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ వాటిని సమర్థించింది. ఉంటే తీసేయమనండి.

కడుపు నిండాలంటే సాయంత్రం టపాస్ కాదు, మధ్యాహ్నం మెనూ దెల్ దియా చూడండి. పనిరోజుల్లో మొదటి ప్లేటు, రెండో ప్లేటు, రొట్టె, డ్రింకు, స్వీటో కాఫీయో అన్నీ కలిపి ఒకే ధర, మామూలు చోట 12 నుంచి 16 యూరోలు. రెండు గంటలకి వెళ్తే హడావిడిగా ఉంటుంది, నాలుగు దాటితే వంటగది మూసేస్తారు. రాత్రి భోజనం ఎనిమిదిన్నర, తొమ్మిదికి గానీ మొదలవ్వదు, ఏడింటికి వెళ్లి తలుపు కొట్టకండి. బిల్లు మీరు అడిగితే గానీ తేరు, చాలా చోట్ల ఎంతసేపు కూర్చున్నా లేవమనరు. లేవాలనుకున్నప్పుడు "లా క్వెంతా, పోర్ ఫవోర్" (దయచేసి బిల్లు) అనండి.